కింది పొలానికి ఒక తడి

నాకు కాలు ఒకచోట నిలవదని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాడు. అన్నం తింటూ తింటూ రెండుసార్లు లేచి పొయ్యి చూసొస్తానట. అదేదో గొప్ప పరిశోధన చేసినట్టు ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్విస్తాడు. ఈ వారం మాత్రం ఆ కబుర్లు మానేశాడు. ఈ వారం నేను అసలు అన్నానికే సరిగ్గా కూర్చోలేదు మరి.

సంగతేమిటంటే, నా పొలం పండింది. కంకులు బరువుకి తలలు వాల్చాయి, ఆకు పచ్చదనం వదిలేసింది, గుప్పిట్లోకి తీసుకుని నలిపితే గింజ గలగలమంటోంది. కోత మిషను గురువారం పొద్దున్నే వస్తానంది. అది వచ్చేసరికి నేల గట్టిగా ఉండాలి. చెమ్మ ఉంటే మిషను దిగబడుతుంది. దిగబడుతుందని అనుమానం వచ్చినా చాలు, డ్రైవరు పొలంలో కాలు పెట్టకుండానే వెనక్కి తిప్పుకుని ఇంకొకరి దగ్గరికి పోతాడు. మళ్ళీ మన వంతు ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకే తెలియదు.

నా గట్టు దిగితే మా చెల్లెలి పొలం. అదింకా పాల మీద ఉంది. గింజని గోటితో నొక్కితే తెల్లటి పాలు చిమ్ముతాయి. ఆ పాలు గట్టిపడి బియ్యమవ్వాలంటే ఇంకొక్క తడి పడాలి. పడకపోతే గింజ సగంలో ఆగిపోయి తాలుగా మిగులుతుంది, కోసినా కోయకపోయినా ఒకటే. ఆ ఒక్క తడీ వెళ్ళాలంటే నా పొలం మీదుగా తప్ప వేరే దారి లేదు.

మా నాన్న ఉన్నప్పుడు ఆ పొలమంతా ఒకే ముక్క. కాలువ తూము దగ్గర మొదలైన బోదె, అంటే పొలాల వెంట నడిచే పిల్లకాలువ, మా పై గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ గట్టుకి ఒక మడవ ఉంది. మట్టి తీస్తే నీళ్ళొస్తాయి, మట్టి వేస్తే ఆగుతాయి. పై భాగం తాగాక మిగిలింది కిందికి దిగుతుంది. నాన్న పంచినప్పుడు పెద్దదాన్నని నాకు పైది, చిన్నదని దానికి కిందిది ఇచ్చాడు. మడవ మాత్రం ఒకటే. దాన్నెలా పంచాలో ఆయనకి తోచలేదు కాబోలు, అలాగే వదిలేశాడు.

అందుకని మేమిద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎక్కడా రాసుకున్నది కాదు. ఒకే రోజున విత్తనం నానెయ్యాలి, ఒకే రకం వెయ్యాలి, నీళ్ళు ఒకేసారి పెట్టాలి, ఒకేసారి ఆపాలి. ఇన్నేళ్ళూ అలాగే నడిచింది. ఈసారి నేను తప్పాను.

ఊరికే తప్పలేదు. కిందటి పంట కోతకి ముందు వాన పట్టుకుంది. పడిపోయిన కంకుల్లో గింజ గింజకీ మొలకొచ్చింది. ఇంట్లోకి రావలసిన గింజ పొలంలోనే పచ్చగా మొలకెత్తి నవ్వుతుంటే చూడడం ఎలాగుంటుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా ప్రయోజనం లేదు. ఈసారి వాన కంటే ముందుగా కోసి పారెయ్యాలని త్వరగా చేతికొచ్చే రకం తెచ్చాను. నారు కూడా పొయ్యలేదు, దుక్కిలోనే వెదజల్లేశాను. చెల్లి అప్పటికే పాత రకం నానేసి కూర్చుంది. విషయం తెలిసి పరుగెత్తుకుంటూ వచ్చింది.

“నీ కోత అయిపోయే టైముకి నాది పాల మీదుంటుంది. నాకు నీళ్ళెలా వస్తాయక్కా?” అంది.

“అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలేవే. ఇప్పట్నించీ ఎందుకు ఏడుపు?” అన్నాను.

ఏడుపు అన్న మాట పట్టుకుని ముడుచుకుపోయింది. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. అది చెప్పవలసింది మా మరిదితో చెబుతుంది, ఆయన వచ్చి మా ఆయనతో చెబుతాడు, మా ఆయన నాతో చెబుతాడు. మరిది బడి బస్సు నడుపుతాడు. మంచివాడే గానీ ఎవరేమన్నా అవునవునంటాడు. ఇద్దరు మగాళ్ళ నోళ్ళలో పడి వచ్చేసరికి మా మాటలు గుర్తుపట్టలేనట్టు తయారయ్యేవి. ఒకసారి “పార ఇమ్మందట” అన్నదాన్ని మా ఆయన “పారిపొమ్మందట” అన్నంత ముఖం పెట్టి చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఇదంతా ఒక ఎత్తు. ఈ వారం నేను చేసిన పని ఇంకో ఎత్తు. నా నేల ఆరడం లేదు. మడవ మూసినా బోదెలో నీళ్ళున్నంత కాలం గట్టు కింద నుంచి ఊట వస్తూనే ఉంది. పై పొలాలవాళ్ళది కూడా ఇదే గోల, అందరివీ కోతకొచ్చాయి. నలుగురూ నసుగుతూ ఉంటే చూసి చూసి నేనే ముందు వెళ్ళాను, కాలువ తలుపులు తిప్పే లస్కరు దగ్గరికి. “ఎన్నాళ్ళు వదులుతావయ్యా నీళ్ళు? మా పంటలు కుళ్ళిపోయాక కట్టేస్తావా?” అని గట్టిగా అడిగేశాను. లస్కరు నెమ్మదస్తుడు. పై అధికారుల్ని అడిగి చెబుతానన్నాడు, మర్నాడు కబురు చేశాడు. బుధవారం సాయంత్రం తూము మూసేస్తారట, మళ్ళీ పంట దాకా తెరవరట.

అప్పుడు నాకు చాలా సంతోషమేసింది. నిజం చెబుతున్నాను. ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను. గ్లాసు చేతిలో ఉండగానే గుర్తొచ్చింది, చెల్లి పొలం. ఆ టీ తాగానో పారబోశానో తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం మా ఆయన కొట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. కొట్టంటే మా ఇంటి ముందు గదే. కాలిపోయిన మోటార్లు తెచ్చిస్తే ఆయన పాత తీగ పీకి కొత్త రాగితీగ చుడతాడు. గదంతా వార్నిషు వాసన. నేల మీద తీగముక్కలు కాళ్ళకి గుచ్చుకుంటాయి.

“కూర్చో. లేదా బయటికెళ్ళి తిరుగు. నువ్విలా తిరుగుతుంటే నాకు చుట్ల లెక్క తప్పుతోంది,” అన్నాడు.

“దాని పొలానికి నీళ్ళెలా?”

“ఎవరి పొలానికి?” ఎవరిదో తెలిసే అడిగాడు. నన్ను ఏడిపించడం ఆయనకి సరదా.

“మురుగు కాలువలోంచి ఇంజను పెట్టి తోడచ్చు కదా?”

“మొన్ననే నేనూ మీ మరిదీ వెళ్ళి చూసొచ్చాం. మురుగు కాలువలో చేతులు కడుక్కోడానికి కూడా నీళ్ళు లేవు. ఇంజను పెడితే బురద తాగి చస్తుంది.” తీగ చుట్టడం ఆపి నా వంక చూశాడు. “పోనీ నీ కోత వారం ఆపుకో. దానికి నీళ్ళెళ్ళాక నీది ఆరుతుంది.”

“వారమా! ఆకాశం చూశావా?”

చూశాడు. పడమటి వైపు మబ్బులు చీకటి గుడ్డలు ఆరేసినట్టు వేలాడుతున్నాయి. కిందటిసారీ ఇలాగే మొదలైంది. నేను పొలం వైపు నడిచాను.

గట్టు మీద నుంచి చూస్తే చెల్లి దాని పొలం మధ్యలో నిలబడి ఉంది. కంకుల్ని కాదు, నేలని చూస్తోంది. నేల నెర్రెలు విచ్చింది. ఒక నెర్రెలో కాలివేలు పెట్టి లోతు చూస్తోంది. మెట్టెదాకా దిగింది వేలు. తలెత్తి నన్ను చూసింది. నేనేదో అనాలి. అది కూడా ఏదో అనాలి. “నేను అడగను” అన్నట్టు అది నిలబడితే, “నువ్వు అడుగు” అన్నట్టు నేను నిలబడ్డాను. ఇద్దరం మా నాన్న కూతుళ్ళమే కదా. కాసేపటికి అది కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

రాత్రంతా నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? తెల్లవారుతుండగానే లేచి పార, కొడవలి తీసుకుని బయల్దేరాను. నాకు ఒక దారి తోచింది. నా పొలం తూర్పు గట్టు వెంట, పైనుంచి కిందిదాకా, రెండు బారల మేర పంట కోసేసి, అక్కడ ఒక కాలువ తీసి, తవ్విన మట్టి లోపలి వైపు కట్టగా వేస్తే నీళ్ళు నా పొలాన్ని తడపకుండా పక్కనుంచి దాని పొలంలోకి పోతాయి. నాకు పోయేది ఆ పక్క ముక్క పంట. అది కూడా పోదు, ఒక రోజు ముందు కోసినట్టు, అంతే. ముందే తోచి ఉంటే తీరుబడిగా చేసేదాన్ని. తోచినప్పటికి ఒక్క రోజే మిగిలింది.

ముందు మడవ దగ్గరికెళ్ళి ఉన్న మట్టి మీద ఇంకా మట్టి వేసి, గడ్డి కుక్కి, కాలితో తొక్కి తొక్కి గట్టి చేశాను. తవ్వుతుండగా నీళ్ళొచ్చి పడితే బురదలో పని సాగదు. తర్వాత పైనుంచి తవ్వుకు రావాలి నిజానికి. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ పై గట్టు పక్కనే బండ్ల దారి. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు చూస్తారు. కాలువ మూసెయ్యమని అరిచిన మనిషే కాలువ తవ్వుతోందేమిటని ముసిముసి నవ్వులు నవ్వుతారు. చెల్లి కాళ్ళ దగ్గరికి దిగొచ్చిందని ఎవరో వెళ్ళి దానితోనే అంటారు. అది నాకు నచ్చలేదు. అందుకని కింద నుంచి మొదలుపెట్టాను. నడుము ఎత్తు పంటలో వంగి పని చేస్తుంటే దారిలో పోయేవాళ్ళకి నేను కనబడను.

కొయ్యడం, పనలు గట్టు మీద వెయ్యడం, తవ్వడం, కట్ట వెయ్యడం. మళ్ళీ కొయ్యడం. అడుగున నేల నేననుకున్నంత గట్టిగా లేదు, పార బాగానే దిగుతోంది. పొద్దెక్కేసరికి చేతులు బొబ్బలెక్కాయి. నడుము ఉందో లేదో తెలియడం లేదు. కానీ ఈ వారంలో మొదటిసారి ఆకలేసింది. వెనక్కి తిరిగి చూస్తే కాలువ గీత గీసినట్టుంది, మా నాన్న చూస్తే మెచ్చుకోడు గానీ తిట్టడు కూడా. సగం పైన అయిపోయింది. మధ్యాహ్నానికి మడవ దాకా చేరతాను, మూడు గంటలకి నీళ్ళు వదులుతాను, సాయంత్రం తూము మూసేలోపు దాని పొలం తడుస్తుంది. చెల్లి వచ్చి చూసేసరికి నీళ్ళు నిండి ఉంటాయి, నేను ఇంట్లో ఉంటాను. అడగనూ అక్కర్లేదు, చెప్పనూ అక్కర్లేదు. ఎంత బాగా కుదిరిందో అనుకుంటున్నాను.

అప్పుడు వినబడింది. గలగలమని కాదు, గుబుగుబుమని. బోదె నీళ్ళు ఒక్కసారిగా తెగి పంటలో పడితే వచ్చే చప్పుడు. చిన్నప్పటి నుంచీ వింటున్న చప్పుడే.

పార పట్టుకుని పంటలోంచే పరుగెత్తాను. మడవ దగ్గర చెల్లి. చీర కచ్చ పోసి కట్టి, నేను పొద్దున్న కుక్కిన గడ్డీ మట్టీ పారతో పెళ్ళగించి పారేస్తోంది. మడవ నోరు ఇంతింత తెరుచుకుంది. నీళ్ళు ఎర్రగా నా పంట మొదళ్ళలోకి పరుచుకుంటున్నాయి. మడవకీ నా కాలువకీ మధ్య తవ్వని ముక్క ఇంకా చాలా ఉంది, నీళ్ళకి ఎటు పోవాలో తెలియక నా పొలమంతా పాకుతున్నాయి.

“ఒసేయ్! ఏం చేస్తున్నావే!”

నన్ను చూసి అది భయపడలేదు. పార పైకెత్తి నా ముందు నిలబడింది.

“నీళ్ళు పెట్టుకుంటున్నాను. ఏం, ఇది నీ ఒక్కదాని మడవా? ఎంత కసి నీకు! గడ్డి కుక్కి, కాలితో తొక్కి మరీ మూశావే! పొద్దున్నించీ లస్కరు కాళ్ళావేళ్ళా పడ్డాను. సాయంత్రం దాకా ఆగడట, పై పొలాలవాళ్ళు మిషన్లు వస్తున్నాయని గొడవ చేస్తున్నారట, మధ్యాహ్నమే మూసేస్తాడట. ముందు ఎవరడిగారయ్యా మూయమని అంటే ఏమన్నాడో తెలుసా? మీ అక్కేనమ్మా అన్నాడు. అందరికంటే ముందు మీ అక్కే వచ్చిందమ్మా అన్నాడు! నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

నా నోరు పెద్దదని ఊరంతా అంటారు. కానీ అది అన్నదాంట్లో అబద్ధం లేదు.

“రా,” అన్నాను.

“ఎక్కడికి?”

“రావే!” చెయ్యి పట్టుకుని పంటలోంచి లాక్కుపోయాను. కొంచెం దూరం వచ్చాక పంట అయిపోయి నా కాలువ కనబడింది. గట్టు మీద వరసగా పరిచిన పనలు. కొత్త మట్టి కట్ట. నేరుగా దాని పొలం దాకా పోయి ఆగిన కాలువ. చెల్లి దాన్ని చూసింది, నా చేతుల బొబ్బలు చూసింది, మళ్ళీ కాలువని చూసింది.

“ఇది… నాకా?”

“కాదు, నీళ్ళలో ఈత కొడదామని తవ్వుకుంటున్నాను!”

పార అక్కడే పారేసి మడవ వైపు పరుగు తీసింది. రెండు చేతులతో మట్టి తోడి మడవలో వెయ్యడం మొదలుపెట్టింది. వేస్తుంటే నీళ్ళు తీసుకుపోతున్నాయి.

“చెప్పొచ్చు కదక్కా! ఒక్క మాట చెప్పొచ్చు కదా! మూసేస్తాను, ఉండు, నీ పంట… నాది పోతే పోయింది, ఉండు…”

నేను నిలబడి చూస్తున్నాను. చెప్పుకోవాలంటే అది ఒక్క క్షణమే, కానీ ఆ క్షణంలో నేను చాలా లెక్కలు వేశాను. ఇప్పుడు మూస్తే నా పంటలో పై ముక్క మాత్రమే తడిసినట్టు. రెండు రోజులు ఎండ కాస్తే ఆరుతుంది. మిగిలింది రేపే కోయించుకోవచ్చు. కానీ మూసి, నేను మిగతా కాలువ తవ్వేసరికి మధ్యాహ్నం దాటుతుంది, తూము మూసుకుపోతుంది, బోదె ఎండిపోతుంది. ఇప్పుడు పారుతున్న ఈ నీళ్ళే ఆఖరివి. ఇవి దాని పొలానికి వెళ్ళకపోతే మళ్ళీ లేవు. నా కిందటి పంట మొలకలు గుర్తొచ్చాయి. ఆ కడుపుమంట నాకు తెలుసు. దాన్ని చెల్లికి పంచిపెట్టాలా?

“ముయ్యకు,” అన్నాను.

“నీ పంట!”

“ముయ్యకు అంటున్నాను కదా! చెవులు లేవా నీకు? మట్టి తియ్. ఇంకా పెద్దది చెయ్ మడవ.”

ఇక ఆలోచించలేదు. తవ్వడానికి టైము లేదు. మడవ నుంచి నా కాలువ దాకా ఉన్న నా పండిన పంటని కాళ్ళతో తొక్కుకుంటూ పోయాను. కంకులు పట్టుకుని పక్కకి వంచి, మొదళ్ళ మీద కాలేసి అణిచి, బురదలోకి నొక్కి. పండిన చేనుని తొక్కడం ఎప్పుడైనా చేశారా? గింజలు కాలివేళ్ళ మధ్య చిట్లుతాయి. ఒక్కొక్క అడుగుకీ నాకు నోట్లోంచి తిట్టొచ్చింది. చెల్లిని తిట్టాను, లస్కరుని తిట్టాను, మిషను వాణ్ణి, మబ్బుల్ని, పొలం పంచి మడవ పంచని మా నాన్నని తిట్టాను. చెల్లి ఏడుస్తూ నా వెనకే అణిచిన పంట పక్కన మట్టి తోడి కట్ట వేస్తోంది. నీళ్ళు మమ్మల్ని తరుముకుంటూ వస్తున్నాయి. చివరికి నేను తవ్విన కాలువ మొదలు దొరికింది. పారతో ఒక్క పోటు పొడిచాను. నీళ్ళు మలుపు తిరిగి కాలువలో పడ్డాయి. పడగానే వాటి చప్పుడు మారింది.

“నువ్వు కిందికి పో,” అన్నాను రొప్పుతూ. “మీ గట్టు తెగ్గొట్టు. నీళ్ళు ఒకచోటే నిలబడకుండా అటూ ఇటూ తిప్పుకో. ఆ చివరి మూల మెరక, దానికందేదాకా ఆపకు.”

“మధ్యాహ్నం లస్కరు మూసేస్తాడక్కా.”

“లస్కరు సంగతి నాకొదిలెయ్.”

ఒళ్ళంతా బురదతో తూము దగ్గరికి నడిచాను. లస్కరు అప్పుడే వస్తున్నాడు. అతని వెనక పై పొలాలవాళ్ళు ముగ్గురు, మబ్బుల్ని చూసుకుంటూ. వాళ్ళు చేరేలోపే దిమ్మె ఎక్కి, తలుపు తిప్పే ఇనప చక్రంలోకి చెయ్యి దూర్చి కూర్చున్నాను. ఇప్పుడు చక్రం తిప్పాలంటే నా చెయ్యి విరగ్గొట్టాలి.

లస్కరు నా అవతారం చూశాడు. “దిగండమ్మా. మూసెయ్యాలి.”

“ఇప్పుడే కాదు.”

“మీరే కదమ్మా మూయమన్నారు!”

“నేనే అన్నాను. ఇప్పుడు నేనే వద్దంటున్నాను. సాయంత్రం అన్నావు, సాయంత్రమే ముయ్యి. కింది పొలానికి తడి పారుతోంది.”

వెనకున్న ఒకాయన ముందుకొచ్చాడు. మాకు బాబాయి వరస. “ఏవమ్మా, నీకు బాగానే ఉంటుంది. మా పొలాల్లో ఊట పడితే మిషను దిగుతుందా? రేపు వానొస్తే ఎవరిది పూచీ?”

“బాబాయ్, మీకు ఊటే. నా పొలంలో ఊట కాదు, ఏరు పారుతోంది. పోయి చూసి రండి. పండిన చేను, నా కాళ్ళతో నేనే తొక్కి దారిచ్చాను. అంత నీళ్ళు పారుతున్న నేనే ఊరుకున్నాను, మీ గట్టు కింద నాలుగు చుక్కలకి మీరు గోల పెడితే ఎలా?”

ఆయన నిజంగానే వెళ్ళి చూశాడు. దారి మీద నిలబడి చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. “సాయంత్రం దాకానేనమ్మా మరి,” అని మిగతా ఇద్దర్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. లస్కరు కాలువ గోడ మీద కూలబడ్డాడు.

నేను చక్రం వదల్లేదు. వాళ్ళు మనసు మార్చుకుని వస్తే? లేచి పొలం దగ్గరికి వెళ్ళి చూడాలని కాళ్ళు పీకుతున్నాయి. నీళ్ళు దాని పొలంలో ఎంతదాకా వెళ్ళాయి? కట్ట తెగిందా? చెల్లి ఆ మెరక మూలకి ఎలా ఎక్కిస్తోంది? ఇక్కడ నుంచి నా పై గట్టు తప్ప ఇంకేమీ కనబడదు. ఇంత హైరానాలో కదలకుండా కూర్చోవడం కంటే ఇంకో కాలువ తవ్వడం సులువు.

పొద్దు వాలుతుండగా బండ్ల దారిలో పెద్ద మోత. చూస్తే కోత మిషను. రేపు రావలసింది. డ్రైవరు పక్కన ఎత్తుగా, పెళ్ళికొడుకులా, మా ఆయన.

“చూశావా!” అని అంత మోతలోనూ అరిచాడు. “మబ్బులు చూసి నీ ప్రాణం పోతోందని కొట్టు మూసేసి వెళ్ళాను. బతిమాలి ఇవాళే లాక్కొచ్చాను! రా, దిగు!”

ఆయన జన్మలో ఎవరూ చెప్పకుండా ఏ పనీ ఇంత చురుగ్గా చెయ్యలేదు. నాకోసం చేశాడు. ఈలోపు డ్రైవరు మిషనుని నా గట్టు దాకా తీసుకెళ్ళి ఆపాడు. నా పొలంలోకి మిషను దిగేది పై దారి నుంచే. అతను కిందికి దిగి, ఒక్క కాలు పొలంలో పెట్టి, పిక్క దాకా దిగిన కాలు పైకి లాక్కుని, అక్కడ నుంచే మా ఆయన వంక చూశాడు. మా ఆయన తొక్కిన చేను చూశాడు. నీళ్ళు చూశాడు. తూము మీద కూర్చున్న నన్ను చూశాడు.

తర్వాత నెమ్మదిగా నడిచి నా దగ్గరికొచ్చాడు. “పక్క ఊరికి పోతాడట. మళ్ళీ ఎప్పుడొచ్చేదీ చెప్పలేడట. ఒక్కసారి దిగొచ్చి నువ్వు మాట్లాడితే, నీ పొలంలో కింది భాగం ఆరిందని చూపిస్తే, ఏ అడ్డదారినైనా దించుతాడేమో…”

దిగితే లస్కరు మూస్తాడు. మూయడేమో కూడా. కానీ నేను దిగి చూడదలచుకోలేదు.

“పోనీ,” అన్నాను.

మా ఆయన ఇంకా అడుగుతాడనుకున్నాను. నా పక్కన దిమ్మె మీద చోటు చూసుకుని కూర్చున్నాడు. మిషను మోత దారి వెంట దూరమై, మలుపు తిరిగి, వినబడకుండా పోయింది. పంట చేతికొచ్చి కూడా చెయ్యి దాటిపోతుంటే ఎవరికైనా బాధే. చక్రం ఇనుము మీద నుదురు ఆనించుకుని కాసేపు ఏడ్చాను. మా ఆయన నా భుజం మీద వార్నిషు చెయ్యి వేశాడు.

పొద్దు గుంకే వేళకి కింద నుంచి కేక వినబడింది. “అందిందక్కా! మూలకందింది!”

చెయ్యి బయటికి తీసుకుని దిగాను. చెయ్యి తిమ్మిరెక్కి నాది కాదన్నట్టుంది. లస్కరు లేచి చక్రం తిప్పాడు. బోదెలో నీళ్ళు సన్నబడ్డాయి. నేను వెళ్ళి మొదట దాని పొలమే చూశాను. నెర్రెలన్నీ మూసుకుపోయాయి. పొలమంతా పలచగా నీళ్ళు నిలిచి, పచ్చటి కంకులు వాటిలోకి చూసుకుంటున్నాయి. ఒకటే హాయి అనిపించింది, అబద్ధమెందుకు? నా పొలం సంగతి ఆ కాసేపూ నాకు గుర్తులేదు.

చెల్లి అక్కడ లేదు. చూస్తే నా పొలంలో ఉంది, పై ముక్కలో, మోకాళ్ళ దాకా బురదలో. నేను తొక్కేసిన పంటని రెండు చేతులతో లేపి, బురద నీళ్ళతోనే కడిగి, నాలుగేసి మొదళ్ళు కలిపి ఒక కట్టగా దగ్గరికి లాగి, గడ్డితో బిగించి నిలబెడుతోంది. నేల తగలకపోతే గింజ మొలకెత్తదు. ఒక కట్ట నిలబెట్టి తర్వాతదానికి వంగుతోంది. తొక్కింది చాలా ఉంది.

“ఇంటికి పోవే. చీకటి పడుతోంది. పొద్దున్న చూద్దాం,” అన్నాను.

“నువ్వు కూర్చో,” అంది తలెత్తకుండా.

నేను గట్టు మీద కూర్చున్నాను. అది ఇంకో కట్ట లేపి నిలబెట్టింది.